స్టార్టరు పెట్టెలో రేడియో

నా బండికి రేడియో ఉండేది. దాన్ని ఆపే స్విచ్చు నా చేతికి అందేది కాదు. ఇన్నేళ్ల తర్వాత ఈ రెండు మాటలు రాస్తుంటేనే నాకు ఒళ్లు మండుతోంది. కాబట్టి పాత రోజుల గురించి ఏదో తీయగా చెబుతానని ఆశపడేవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

పసితనంలో పోలియో వచ్చి నా రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఇంట్లో, వాకిట్లో చేతుల మీద జరుగుతూ తిరిగేదాన్ని. వీధి దాటాలంటే మాత్రం ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. చిన్నప్పుడు నాయన ఎత్తుకున్నాడు. తర్వాత అన్న సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లాడు. ఇరవై దాటిన ఆడమనిషిని బస్సులోకి ఎత్తి దించుతుంటే జనం చూసే చూపు ఎలా ఉంటుందో నేను చెప్పను. పడినవాళ్లకు తెలుసు, పడనివాళ్లకు చెప్పినా ఎక్కదు.

మా ఊరు కంబదూరు పోయే రోడ్డుకు కాస్త లోపల ఉంటుంది. వాన పడితే శెనక్కాయ, పడకపోతే మేకలు, అంతే మా సేద్యం. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఇంట్లో నాయన, అన్న, నేను. అన్న కళ్యాణదుర్గంలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో పని చేసేవాడు. తొంభైలు ముగిసే రోజుల్లో ఒక ఎండాకాలం, ఆ షెడ్డు వెనక తుప్పుపట్టి పడివున్న స్కూటరొకటి ఇంటికి తెచ్చి వాకిట్లో పడేసి, "దీన్ని మూడు చక్రాల బండి చేస్తా. నువ్వే తోలుకో" అన్నాడు. ఆ పూట నాకు సంతోషంతో అన్నం సయించలేదు.

చెప్పినట్టే చేశాడు. వెనక ఒక చక్రం ఉన్నచోట రెండు పెట్టాడు. చట్రానికి ఇనుము ఎక్కడిదంటే, మా బోరుది. మూడేళ్లుగా అందులో చుక్క నీరు లేదు. దాంట్లోంచి పెరికిన పైపులు వాకిట్లో ఊరికే పడున్నాయి, వాటిని కోసి అతికించాడు. స్కూటరుకు గేర్లు ఎలాగూ చేతిలోనే ఉంటాయి. కాలితో తొక్కే బ్రేకును చేతికి తెచ్చాడు. కిక్కు కొట్టే పని లేకుండా ఆటోకున్నట్టు చేత్తో లాగే లివరు పెట్టాడు. అన్నీ చేతికే. కాళ్లతో పని లేని బండిని నేను మొదటిసారి చూడటం అదే, మా అన్న కూడా మొదటిసారే చూసినట్టు దాని చుట్టూ తిరిగాడు.

నేను ఆయన్ను అడిగింది ఒక్కటే. "నాకు లైటు కావల్ల అన్నా. దాని స్విచ్చు నా చేతికి అందల్ల."

"అదెంతసేపు," అన్నాడు అన్న. కానీ ఆయనకు ఇంజను పని తెలుసు గానీ వైరింగు రాదు. అందుకని పక్క ఊరి మైకుసెట్టాయన్ను పిలిపించారు. పెళ్లిళ్లకు, జాతరలకు, ఎలక్షన్లకు మైకు కట్టేది ఆయనే. నాకు వరసకు మామ అవుతాడు. ఆయన ఒక పాత బ్యాటరీ, వైర్ల చుట్ట, ఏదో జీపులోంచి ఊడదీసిన రేడియో, వాటితోపాటు జాతర్లో చెట్టుకు కట్టే మైకు హారను కూడా తెచ్చాడు. ఆ హారను అంచు నొక్కుకుపోయి ఉంది. అది ఎందుకని అడిగాను.

"రేడియో లేని బండి బండా పాపా? అయ్యేదేదో దర్జాగా కానీ," అన్నాడు.

నేను నవ్వాను కూడా. అదే నాకు ఇప్పటికీ మంట.

ఇక్కడ స్టార్టరు పెట్టె గురించి చెప్పాలి. మా వైపు బోరున్న ప్రతి రైతుకూ మోటరు దగ్గర ఒక ఇనప పెట్టె ఉంటుంది. మోటరు వేసే స్విచ్చులు అందులో ఉంటాయి, పెట్టెకు తాళం ఉంటుంది. కరెంటు వంతులవారీగా వచ్చే చోట, ఎవడు పడితే వాడు మోటరు వేసుకుంటే ఊరుకోరు. తాళంచెవి ఇంటి పెద్ద మొలతాడుకు ఉంటుంది. ఆయన తీస్తేనే నీళ్లు, తీయకపోతే లేదు. మా బోరు ఎండిపోయినా నాయన మొలతాడుకు ఆ తాళంచెవి అలాగే వేలాడుతూ ఉండేది. వైరింగు జరుగుతున్న రోజు నాయన చేనికి పోయి, ఆ పెట్టెను గోడ నుంచి ఊడదీసి భుజాన మోసుకొచ్చి, నా సీటు వెనకాల బిగించి, రేడియోను దాంట్లో పెట్టించాడు.

"ఇదెందుకు నాయనా?"

"వానకు తడవకుండా. పిల్లోల్లు స్విచ్చులు పీకకుండా."

వాన అట. మా ఊళ్లో. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మొదటిరోజు పొద్దున నన్ను సీటు మీదికి ఎక్కనిచ్చి, నాయన వెనక్కి వెళ్లి తాళం తీశాడు. లోపల ఏదో టక్కుమంది. నా తల వెనక నుంచి ఒక మగగొంతు శెనగ పంటకు పట్టే పచ్చపురుగు గురించి ఊరంతా దద్దరిల్లేట్టు చెప్పడం మొదలుపెట్టింది. నాయన పెట్టె మూసి తాళం వేసి, "ఇంక పో పాపా," అన్నాడు.

పోయాను. రోడ్డు మీదికి ఎక్కేసరికి పచ్చపురుగు పోయి మందుల పేర్లు వచ్చాయి. మా ఊరి క్రాసు దగ్గర టీ అంగడి ముందు కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఒకాయన చేతులు జోడించి, "ఏం పాపా, ఏ పార్టీ? ఓటు ఎవురికెయ్యల్ల?" అన్నాడు. ఇంకొకాయన, "మందులమ్మేకి వచ్చిందిలేప్పా, పురుగు మందులు," అన్నాడు. పగలబడి నవ్వారు. నేను వెనక్కి చెయ్యి చాపాను. పెట్టె నా వీపుకు జానెడు దూరంలో ఉంది. అందినా ఏం లాభం, తాళం ఉంది కదా. మధ్యాహ్నం కాగానే రేడియో స్టేషనువాళ్లు ప్రసారం ఆపేశారు. అప్పుడైనా ఊరుకుంటుందా అంటే, బరబరమని మొదలుపెట్టింది. ఆ బరబరను వీపున మోసుకుంటూ ఇంటికొచ్చాను. కుక్కలు మా వీధి చివరిదాకా వెంటబడ్డాయి.

ఎవరూ ఎత్తుకోకుండా, ఎవరి మెడా పట్టుకోకుండా, నా అంతట నేను ఊరు దాటిన మొదటిరోజు అది. ఆ రోజు నాకు ఎలా ఉండాలి? ఎలా ఉండింది?

నాయనను అడిగితే, "సౌండు కొంచెం తగ్గించమని చెప్తాలే," అన్నాడు. మామను అడిగితే, "స్విచ్చు మారుస్తాలే పాపా," అన్నాడు. ఇద్దరూ "లే" అనే మనుషులే గానీ కదిలే మనుషులు కారు. రోజూ అదే తంతు. నేను బయల్దేరితే నాయన వచ్చి తాళం తీసి రేడియో వేయడం, తిరిగొచ్చాక తాళం తీసి ఆపడం. లైటు స్విచ్చు కూడా ఆ పెట్టెలోనే ఉందని నాకు ఒక సాయంత్రం పొద్దు వాలినప్పుడు తెలిసింది. లైటు వెయ్యి నాయనా అంటే, "ఈ యాల్టప్పుడు యాడికి పోతావు, రేపు పోదువులే," అని మేకలకు ఆకు వేసే పనిలో పడ్డాడు.

ఇంతలో నాకు పని దొరికింది. క్రాసు దగ్గర ఎస్టీడీ బూతు ఉండేది. దాని ఓనరు రాజకీయాల్లో తిరిగే మనిషి, బూతులో కూర్చునే తీరిక ఆయనకు లేదు. నేను పదో తరగతి పాసైనదాన్ని, లెక్క తెలుసు, నంబర్లు గుర్తుంటాయి. పిలిచి అడిగాడు.

"కూచోని చేసే పని. నీకు సరిపోతాది. అయితే ఒకటుండాది సూడమ్మా. రాత్రి రేటు తగ్గినంకనే జనం ఫోన్లు చేసేకొస్తారు. బెంగళూరికి, బొంబాయికి కూలికి పోయిన వాళ్లతో అప్పుడే మాట్లాడేది. చీకటి పడకముందే ఇంటికి పోతా అంటే నాకు అయ్యేది కాదు."

"ఉంటానన్నా," అన్నాను.

"ఎట్లపోతావు చీకట్లో?"

"బండికి లైటుంది."

"అమావాస్య పోయినంక రా. రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటా," అన్నాడు.

బండికి లైటుంది. ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎంత గట్టిగా ఉందో నాకు గుర్తుంది. జీవితంలో నా పేరు చెప్పి నాకు ఎవరైనా ఇస్తానన్న మొదటి పని అది. ఆ పనికీ నాకూ మధ్య ఉన్నది ఒక ఇనప పెట్టె.

అక్కడి నుంచి నేరుగా మామ ఊరికి పోయాను. ఆయన ఇంటిముందు మంచం మీద కూర్చుని ఏదో పెళ్లికి పోవాల్సిన వైర్లు చిక్కు తీస్తున్నాడు. నా రేడియో ఆయన వీధిలో మోగుతుంటే ఆయనే చెవులు మూసుకున్నాడు.

"మామా, ఈ పూటే మార్చల్ల. లైటు స్విచ్చు హ్యాండిల్ కాడ పెట్టు. రేడియో పీకెయ్యి."

"సూస్తాలే పాపా."

"సూస్తాలే గీస్తాలే కాదు. నీకు పని రాదని చెప్పు, పోతా. ఇంతమంది పెండ్లిండ్లకి మైకు కట్టినావు, స్విచ్చు యాడ పెట్టల్లో తెల్దా?"

పనితనం మీద మాట పడేసరికి ఆయనకు పౌరుషం వచ్చింది. చేతిలో వైరు కింద పెట్టాడు.

"నాకు తెల్దా? నీ నాయన ఎట్ల చెప్పినాడో అట్ల జేసినా. ఊరి కొసకు గూడా ఇనపడల్ల అన్న్యాడు, అందుకే హారను పెట్టినా. నువ్వు ఆపేకి లేకుండా పెట్టమన్న్యాడు. పొద్దు గూకినంక యాడికీ పోకుండా లైటు తాళంలో పెట్టమన్న్యాడు. నన్నేమంటావు?"

నేను బండి తిప్పుకున్నాను. రేడియోలో ఎవరో పాడుతున్నారు.

మా మేకల మందలో ముందు నడిచే మేకకు గంట కట్టేవాళ్లం. ఏ కంపల్లో దూరినా, ఏ గుట్ట వెనక్కి పోయినా గంట శబ్దాన్ని బట్టి మంద ఎక్కడుందో తెలుస్తుంది. ఆ గంటకు తాడు పేనింది నేనే, ఏటా కొత్త తాడు మార్చేదీ నేనే. దారి పొడుగునా అదే గుర్తొచ్చింది. స్టార్టరు పెట్టె కాదు నా వెనక ఉన్నది, గంట. ఇన్ని రోజులూ నేను పచ్చపురుగుల గంట కట్టుకుని ఊరంతా తిరిగాను.

ఇంటికి చేరేసరికి నాయన మేకల్ని దొడ్లోకి తోలుతున్నాడు.

"తాళంచెవి ఇయ్యి నాయనా."

"ఎందుకు?"

"బండి నాది. లైటు నాది."

"లైటుతో నీకేం పని? పొద్దు గూకేలోగా ఇంటికొస్తాండావు గదా."

"రాను ఇంక. బూతులో పని ఇస్తాండారు. రాత్రి దాకా ఉండల్ల."

"ఇంట్లో నీకేం తక్కువైంది పాపా?"

ఏం తక్కువైందా. "మామ అంతా చెప్పినాడు," అన్నాను. "నన్ను మేకనుకున్న్యావా, గంట కట్టి తోలేకి?"

నాయన దొడ్డి తడిక మూసి, దాని మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన అరిచే మనిషి కాదు. అరిస్తే నాకు తేలికగా ఉండేది.

"దావలో బండి బోర్లపడితే ఎవురు లేపుతారు?" అన్నాడు. "వంకలు, గుంతలు. నువ్వు లేసి నడిసొచ్చేదానివి కాదు. ఆ బయల్లో అరిసినా ఇనే మనిషి లేడు. రేడియో పలకతాండేంతసేపు నువ్వు బాగుండావని నాకు తెల్స్తాది. అది నిలిసిపోతే నేను పరిగెత్తుకొస్తా. అంతే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకుంటావా?"

ఇదీ మా నాయన. ప్రేమ లేదని నేను ఏనాడూ అనలేదు. మా ఇంట్లో నా మంచం పక్కన బెడ్ స్విచ్చు వేలాడేది. చీకట్లో నేను నేలమీద పాకి గోడ దగ్గరికి పోనక్కరలేకుండా, పడుకునే లైటు వేసుకోవాలని ఆయనే తెచ్చి పెట్టించాడు. అంటే ఆయనకు తెలుసు. స్విచ్చు చేతికి అందడమంటే ఏమిటో, అందకపోవడమంటే ఏమిటో మా ఊళ్లో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. తెలిసీ ఇంట్లో అందించాడు, రోడ్డు మీద అందకుండా చేశాడు. అందుకే మామ మీద కోపం ఆ రాత్రికే పోయింది, నాయన మీద కోపం పోలేదు. ప్రేమతో వేసిన తాళమైతే మాత్రం, వేసినవాడి దగ్గరే కదా చెవి ఉండేది.

అన్న వస్తే చెప్పాను. తల గోక్కున్నాడు. "నాయన ఒప్పుకుంటే అర్ధగంట పని. ఆయన్ని కాదని నేనెట్ల చేసేది?" అన్నాడు. అంత బండి కట్టిన చేతులు, ఒక వైరు తెంపడానికి ముందుకు రాలేదు. "నువ్వు ఇంజన్లకే పనికొస్తావు పో," అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకోనీ.

అమావాస్య వెళ్లిన మరుసటి రోజు, నేను ఇవాళ ఎక్కడికీ పోనని నాయనతో చెప్పాను. అది అబద్ధం. ఆయన రేడియో వేయకుండానే మేకల్ని తోలుకుని గుట్టవైపు పోయాడు. మధ్యాహ్నం కరెంటు పోయే వేళ కోసం కాచుకున్నాను. పోగానే మంచం పక్కన బెడ్ స్విచ్చును వైరుతో సహా లాగేశాను. కత్తి, వైర్లకు చుట్టే నల్లటేపు తీసుకుని బండి కిందికి దూరాను.

నేను పుట్టిందగ్గర్నుంచీ నేలమీద తిరిగే మనిషిని. అందరూ వంగి చూసేవి నాకు ఎదురుగా ఉంటాయి. బ్యాటరీ నుంచి ఒక వైరు పెట్టె అడుగున చిల్లులోంచి లోపలికి పోతోంది, అదే చిల్లులోంచి రెండు బయటికి వస్తున్నాయి. ఒకటి ముందుకు, లైటుకు. ఇంకొకటి వెనక్కి, హారనుకు. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? పోయేదాన్ని తెంపాను. ముందుకు పోయేదాన్ని తెంపాను. తొందరలో కత్తి అంచు ఎక్కడో ఇనుముకు తగిలి చిటపటమని నిప్పురవ్వలు లేచాయి, బొటనవేలు కాలింది. బ్యాటరీనీ కత్తినీ నోటికొచ్చిన తిట్లు తిట్టాను. రెండు కొసల మధ్యా బెడ్ స్విచ్చు కలిపి, దాన్ని హ్యాండిల్‌కు టేపుతో చుట్టాను. నొక్కితే ఎండలో లైటు వెలిగిందో లేదో తెలియలేదు. అద్దం మీద అరచెయ్యి పెట్టి నీడ చేసి చూశాను. వెలిగింది.

ఇంక రేడియో మిగిలింది. బ్యాటరీ వైరు తెగినప్పుడే అది మూగబోయింది. అయినా హారను వైరును నాలుగు చోట్ల తెంపాను.

ఆ సాయంత్రం బూతులో కూర్చున్నాను. చీకటి పడ్డాక జనం వచ్చారు, ఓనరు చెప్పింది నిజమే. ఒకావిడ పెనిమిటితో బెంగళూరికి మాట్లాడుతూ, ఇక్కడ వాన పడిందని అబద్ధం చెప్పింది. నేను మీటరు చూస్తూ కూర్చున్నాను. మొదటిరోజు కదా, పెందలాడే పో అని ఓనరు పంపించేశాడు. బయటికొచ్చి స్విచ్చు నొక్కితే రోడ్డు తెల్లగా కనిపించింది. నా వెనక ఏ గొంతూ లేదు. ఇంజను చప్పుడు ఎలా ఉంటుందో నేను ఆ రోజే విన్నాను.

మా ఊరి దారిలో ఒక వంక ఉంది, నీళ్లు లేని వంక. దాని దగ్గరికి వస్తుంటే లైటు వెలుగులో ఒక మనిషి గట్టు మీదికి పాకి వస్తూ కనబడ్డాడు. పంచెకు ముళ్లకంప పట్టుకుని ఈడ్చుకొస్తోంది. ఒక కాలికి చెప్పు లేదు. లైటుకు కళ్లు చెదిరి, చెయ్యి అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి ఊపుతూ బండికి అడ్డంగా వచ్చాడు.

"నిలుపన్నా, నిలుపు," అన్నాడు. "దావలో యాడన్నా మూడు చక్రాల బండి కనపడిందా? నా కూతురు. నడ్సలేదు. యాడో పడిపోయింది."

లైటు ఉంది కాబట్టి, రేడియో లేదు కాబట్టి, ఇది నా బండి కాదని ఆయన నమ్మకం. లైటు తాళంలో ఉంది, తాళంచెవి ఆయన దగ్గరుంది. చీకటి పడినా నేను ఇంటికి రాలేదంటే ఏ వంకలోనో పడివుండాలి, అంతే తప్ప ఇంకో దారి ఆయన నాకు ఉంచలేదు కదా. పొద్దు గూకిన దగ్గర్నుంచీ ఒక్కో గుంతలోకి దిగి పిలుస్తూ వస్తున్నాడు.

"నేనే నాయనా," అన్నాను.

ఆయన చెయ్యి దించలేదు. "రేడియో పలకలా," అన్నాడు. "పొద్దున నేను ఎయ్యలేదనేదే మర్సిపోయి, నిలిసిపోయింది అనుకున్న్యా. సచ్చిపోయినావనుకున్న్యా పాపా."

"రేడియో నిలిసిపోతే రేడియో నిలిసినట్ల," అన్నాను. "నేను నిలిసినట్ల కాదు." గట్టిగానే అన్నాను. ఆయన కాలి నుంచి రక్తం కారుతోంది. అది చూస్తే ఏడుపొచ్చింది, ఏడుపొచ్చిందని ఇంకా కోపమొచ్చింది. "ఎక్కు. ఇంటికి పోదాం."

నాయన వెనకాల ఎక్కి, స్టార్టరు పెట్టెను పట్టుకుని కూర్చున్నాడు. నన్ను ఎత్తుకుని ఊరంతా తిరిగిన మనిషిని నేను మొదటిసారి ఎక్కించుకుని తీసుకొచ్చాను.

వాకిట్లో బండి ఆపాక ఆయన కుంటుతూ దిగాడు. అలవాటు కొద్దీ మొలతాడుకున్న తాళంచెవి తీసి, చీకట్లో తడుముకుంటూ పెట్టె తెరిచి, లైటు ఆర్పడానికి లోపల చెయ్యి పెట్టాడు. టక్కుమంది. లైటు వెలుగుతూనే ఉంది. ఇంకోసారి నొక్కాడు.

"ఆడ లేదు నాయనా," అన్నాను. "ఈడుండాది."

ఆయన ముందుకొచ్చి హ్యాండిల్‌కు చుట్టిన బెడ్ స్విచ్చును చూశాడు. అది ఎక్కడిదో ఆయనకు తెలుసు. చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకున్నాడు. ఆయన గడప ఎక్కేదాకా ఉండి, నేనే ఆర్పాను.